పసుపు కట్టులో జీడి చుక్క

“ఇనుము నీ ఒంటికి పడదని డాక్టరు చెప్పాడా లేదా?”

“చెప్పి తొమ్మిదేళ్ళయింది నాన్నా. ఒక్క పాట. ఒక్కటంటే ఒక్కటే వాయించి దించేస్తాను.”

“అప్పుడు మాత్రం? చెయ్యంతా పొంగి రసి కారితే, వేలు తీసెయ్యాలంటారేమోనని ఆస్పత్రి గోడకానుకుని ఏడ్చాను. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలా.”

“గ్లౌజు వేసుకుంటాలే.”

“గ్లౌజేసుకుని గిటారు వాయించేవాళ్ళని ఎక్కడన్నా చూశావటే? అంట్లు తోముతున్నావనుకుంటారు.”

“అయితే ఇచ్చెయ్. రేపొద్దున రేపల్లె చర్చి వాళ్ళు వస్తారుగా, నేను వాయించనంటే గిటారన్నా ఇమ్మన్నారుగా, ఇచ్చెయ్. మంచం కింద పెట్టుకుని రోజూ దాన్ని చూడటం నావల్ల కాదు. గిటారు తప్పు లేదు, నీ తప్పూ లేదు. నా ఒళ్ళే దరిద్రపు ఒళ్ళు.”

ఆ చివరి మాట నా మనవరాలిది. అసలు పేరు రాయను. ఇంట్లో బుజ్జి అంటాం. ఆ శనివారం మధ్యాహ్నం తండ్రీ కూతురూ ముందుగదిలో అలా అరుచుకుంటుంటే నేను వరండాలో చింతపండులో పిక్కలు తీస్తున్నాను. పోట్లాట ఏదైనా మధ్యలో దూరి ఇద్దర్నీ కసిరేదాన్ని నేను. ఆ రోజు వరండాలోంచి లేవలేదు.

ఎందుకంటే దాని ఒంట్లో ఏ దరిద్రమూ లేదు. ఇనుము దానికి పడుతుంది. గిటారు తీగలు దాన్నేమీ చెయ్యలేదు. చేసింది నేను.

ఈ మాట తొమ్మిదేళ్ళు మోశాను. మోయడం నాకు కొత్త కాదు. కొల్లూరు దగ్గర లంకలో పుట్టాను. అరటి గెలలు మోశాను, వరి మోపులు మోశాను, చూలుతో ఉండి కూడా మోశాను. ఏ బరువుకైనా దించుకోడానికి ఒక గట్టు ఉండేది. దీనికి లేకపోయింది. నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీ ముందు దించుతున్నాను. మోయమని కాదు. చూడు, అంతే.

మాది తెనాలి. మా వాడు ఆఫీసులో గుమాస్తా. కోడలు వేమూరులో టీచరు, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి దిగుతుంది. అప్పట్లో బుజ్జి కాలేజీ నుంచి వచ్చాక ఇంట్లో ఉండేది నేనూ అదీ. దానికి పదహారేళ్ళప్పుడు బాపట్లలో ఉన్న మేనమామ తన పాత గిటారు ఇచ్చాడు. కరెంటు గిటారు. ఒక వైరు, ఒక స్పీకరు పెట్టె. పెట్టెకి కరెంటు పెట్టి తీగ మీటితే వంటింట్లో గరిటెలు అదిరేవి.

నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లో పగలు లైటు వెయ్యరు. సబ్బు అరిగితే కొత్త సబ్బుకి అంటించి వాడతాం. అలాంటి ఇంట్లో పాట కోసం కరెంటు! అది వాయిస్తుంటే వెళ్ళి ప్లగ్గు పీకేదాన్ని. “ఇంట్లో లారీ నడుపుతున్నావటే?” అనేదాన్ని.

ఒకరోజు అది నవ్వుతూ వచ్చింది. “నాయనమ్మా, నీ బాధ పడలేక అరవకుండా వాయించే పద్ధతి ఒకటి కనిపెట్టా” అంది. కనిపెట్టింది కాదు, ఫోనులో చూసి నేర్చుకుంటోంది. పామ్ మ్యూటింగ్ అంటారట. నన్ను కూర్చోబెట్టి చూపించింది. మామూలుగా మీటితే తీగ చాలాసేపు మోగుతుంది. అలా మోగనివ్వకుండా కుడి అరచేతి అంచుని, అంటే చిటికెన వేలి కింద ఉండే కండని, గిటారు పొట్ట మీద తీగలు బిగించి ఉండే చోట ఆనీ ఆననట్టు ఆనించి మీటాలి. చెయ్యి కాస్త ముందుకి జరిగితే తీగ చచ్చిపోతుంది. వెనక్కి జరిగితే మళ్ళీ అరుస్తుంది. మధ్యలో చిక్కుడు గింజంత జాగా. ఆ జాగా దొరికితే మాత్రం డుగ్ డుగ్ డుగ్ మని లంకకి వచ్చే ఇంజను పడవ దూరం నుంచి వినపడ్డట్టు ఉండేది. దాని కళ్ళు వెలిగిపోయేవి. “వినపడిందా? అదీ!” అనేది.

నాకు వినపడింది. బాగుంది కూడా. బాగుందని అనలేదు.

ఆ జాగా కోసం నెలన్నర తంటాలు పడింది. కాలేజీ నుంచి రాగానే అదే. అన్నం తింటూ కూడా కుడి చేతి అంచుని బల్ల మీద ఆనించి వేళ్ళు ఆడించేది. రేపల్లెలో చర్చి యవ్వనస్థుల కూడిక ఉంది, దాంట్లో వాయించడానికి దీన్ని పిలిచారు. ఆడపిల్ల గిటారు వాయించడం మా వాళ్ళలో అప్పటికి ఎవరూ చూడలేదు.

ఎందుకు చేశావు అని నువ్వడుగుతావు. నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మొదట్లో చదువు చెడిపోతుందని చేశాననుకున్నాను. తర్వాత నలుగురిలో స్టేజీ ఎక్కితే పెళ్ళి కాదని భయపడ్డాననుకున్నాను. ఇంకా తర్వాత కరెంటు గురించి అనుకున్నాను. ఇవన్నీ నిజమే. కానీ నిజాలన్నీ ఒకదాని మీద ఒకటి దుప్పట్లలా కప్పుకుంటూ పోతే అడుగునున్నది ఎవరికీ కనపడదు గదా అని కూడా అనుకున్నాను కాబోలు. అడుగునున్నది ఇది. ఆ గిటారు రాకముందు రోజూ సాయంత్రం బుజ్జి నా పక్కన కూర్చుని బైబిలు ఒక అధ్యాయం చదివి వినిపించేది. నేను మూడో తరగతిలో సగం దాకానే చదివాను, అదీ మర్చిపోయాను. ఈ ఇంట్లో నాకోసం ఎవరైనా కూర్చునేది ఆ అరగంటే. గిటారు వచ్చాక అది మానేసింది. మానేసినట్టు దానికి తెలియను కూడా తెలియదు. నేను అడగలేదు. అడిగితే వచ్చి చదివేది. అడగడం నాకు చేతకాదు. కసరడం చేతనవును.

దేవుడి వాక్యం మానేసి డుగ్ డుగ్ ఏమిటని నా కోపానికి దేవుడి పేరు పెట్టుకున్నాను.

అరచేతి అంచు ఒరుసుకుని ఒరుసుకుని ఎర్రబడింది. పైతోలు కాస్త లేచింది. ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, మందుల షాపులో ఆయింట్‌మెంటు తెచ్చుకోనా అని అడిగింది. ఇంట్లో పసుపుండగా ఆయింట్‌మెంటు ఎందుకన్నాను. ఆ మాట రోజూ అనే మాటే. పాపం అక్కడ మొదలవలేదు. పసుపు కోసం అటక మీది డబ్బా దించాక మొదలైంది. ఆ డబ్బాలోనే నా నల్లజీడి గింజలు ఉన్నాయి.

లంకలో మాకు ముల్లు దిగినా, కాలు బెణికినా, ఆనె కాసినా జీడే. గింజకి పిన్నీసు గుచ్చి దీపం సెగకి పెడితే నల్లటి నూనె ఊరుతుంది. దాన్ని చుక్కలా పెడతారు. మోటు చర్మానికే మచ్చ పడుతుంది. నా మడమ మీద ఇప్పటికీ ఉంది. లేత చర్మానికి, తోలు లేచిన చోట పెడితే ఏమవుతుందో మా లంకలో చిన్నపిల్లకి కూడా తెలుసు. బొబ్బలెక్కుతుంది. నాకు తెలుసు. తెలియక చేశానని రాస్తే ఈ కాగితం దండగ.

నాలుగు రోజులు ఆ చెయ్యి ఆడకపోతే రేపల్లె కూడిక దాటిపోతుంది అనుకున్నాను. నాలుగు రోజులే. బొబ్బలు మానిపోతాయి, మోజూ పోతుంది, నా సాయంత్రం నాకు వస్తుంది. దాన్ని వంటింట్లోకి రావద్దని చెప్పి, పసుపూ ఆముదమూ కలిపి, అందులో జీడి చుక్క వేశాను. ఒకటి వేశాను. చూసి, ఇంకొకటి వేశాను. ఆ రెండో చుక్క ఎందుకు?

కట్టు కట్టాక ఆ చెయ్యి నా రెండు చేతుల మధ్య పెట్టుకుని ప్రార్థన చేశాను. స్వస్థపరచు తండ్రీ అన్నాను. పిల్ల కళ్ళు మూసుకుని ఆమేన్ అంది.

మర్నాడు దురదన్నది. తగ్గేముందు అలాగే ఉంటుందన్నాను. రెండో రోజు మంటన్నది. కట్టు విప్పొద్దన్నాను. మూడో రోజు దానికి జ్వరం వచ్చింది, వాళ్ళమ్మ కట్టు విప్పి కేక పెట్టింది. చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా చెయ్యి చెయ్యిలా లేదు.

ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. వెళ్ళకుండా ఉండలేకపోయాను. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్థుడు. చెయ్యి తిప్పి తిప్పి చూశాడు.

“ఇది ఉత్త ఒరుపుడు కాదమ్మా. ఏదో పడలేదు. ఏమన్నా రాశారా?”

“పసుపండి.”

“పసుపొక్కటేనా? ఆకు పసర్లు, జీడి, అలాంటివేమన్నా?”

జీడి పేరు ఆయన నోటి నుంచే వచ్చింది. తలుపు తీసి ఇదిగో అని దారి చూపించినట్టే. బుజ్జి నా భుజానికి తల ఆనించి ఉంది. మా వాడు నావైపు చూస్తున్నాడు, అనుమానంతో కాదు, అమ్మ చెబుతుందిలే అన్నట్టు.

“లేదండి. పసుపూ ఆముదమే.”

“మరి పాప ఆ చేత్తో ఎక్కువ ఏం పట్టుకుంటుంది?”

గిటారు తీగలండి అని మా వాడు చెప్పాడు. ఎక్కడ ఆనుతుందో బుజ్జే జ్వరంలో చూపించింది, ఇదిగో ఇక్కడేనండి అని. డాక్టరు తలాడించాడు. కొంతమందికి ఆ లోహం పడదు, అదే అయ్యుండొచ్చు, దూరంగా ఉంచండి అన్నాడు. ఆయన తప్పేముంది? ముసలిదాని మాట నమ్మాడు.

నాలుగు రోజులనుకున్నది నెలన్నర పట్టింది. రేపల్లె కూడిక ఎప్పుడు జరిగిందో కూడా మా ఇంట్లో ఎవరూ తలుచుకోలేదు. చెయ్యి మానింది. మానిన చోట తోలు బిగుసుకుని మెరుస్తూ నల్లగా నిలిచిపోయింది. చిటికెన వేలు పూర్తిగా చాపలేదు. స్పర్శ కూడా సరిగ్గా లేదని చాలాకాలానికి చెప్పింది. సుద్దముక్కతో బోర్డు మీద రాస్తుంటే చెయ్యి బోర్డుకి ఆనిందో లేదో తెలియదు నాయనమ్మా అని ఏదో మాటల్లో చెప్పింది. ఇప్పుడది బాపట్లలో స్కూలు టీచరు, రోజూ రైల్లో వెళ్ళొస్తుంది.

అబద్ధం ఒక్క గిటారు దగ్గర ఆగలేదు. పదో తరగతి ప్యాసైనప్పుడు తండ్రి కొనిచ్చిన స్టీలు గొలుసు వాచీ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే బీరువాలోకి వెళ్ళింది. గాజులు ప్లాస్టిక్‌వి. మెడలో నల్ల దారానికి చెక్క సిలువ. కొన్నాళ్ళు స్టీలు గ్లాసు కూడా గుడ్డ చుట్టి పట్టుకునేది. ఎవరైనా అడిగితే, నాకు ఇనుము పడదండి అని నవ్వేది. చుట్టాలిళ్ళల్లో దానికి గాజు గ్లాసు వెతికి ఇచ్చేవాళ్ళు. నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఇంకా చిన్నపిల్ల, పెద్దయ్యాక చెబుదాం అనుకున్నాను. పెద్దయ్యాక, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. మధ్యలో చెప్పాల్సిన రోజు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది నన్ను దాటి ఎప్పుడు పోయింది?

ఇంకొకటి ఉంది. ఇది రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. నేను కోరుకున్నది నాకు దొరికింది. కట్టుతో ఇంట్లో కూర్చున్న నెలన్నర బుజ్జి మళ్ళీ నా పక్కకి వచ్చింది. చదివి వినిపించడమే కాదు, ఊరికే కూర్చోలేక నాకు అక్షరాలు నేర్పింది. ఎడమ చేత్తో పలక మీద వంకరగా గుణింతం రాసి దిద్దమనేది. తప్పు రాస్తే, “ఏంటి నాయనమ్మా, ‘ఖ’ పొట్ట కోశావు?” అని వెక్కిరించేది. ఇద్దరం నవ్వేవాళ్ళం. నా బతుకులో నేను అంత సుఖంగా ఉన్న రోజులు వేరే లేవు. ఇప్పుడు ఈ కాగితం మీద ఉన్న ప్రతి అక్షరం అప్పుడు ఆ ఎడమ చెయ్యి దిద్దించిందే. అది నేర్పకపోతే ఇది రాయలేను. నేను ఆ పని చెయ్యకపోతే అది నేర్పేది కాదు. ఈ లెక్క ఎటు తిప్పినా నాకు తెగడం లేదు.

ఆ శనివారం, నా ఒళ్ళే దరిద్రపు ఒళ్ళు అన్న మాట విన్నాక చింతపండు పళ్ళెం పక్కన పెట్టాను. సాయంత్రం అది డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా డాబా ఎక్కలేదు. ఎక్కాను. నన్ను చూసి పరుగున వచ్చి చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకోవద్దన్నాను. కొంగున కట్టుకొచ్చిన జీడి గింజలు విప్పి చూపించాను. ఆ డబ్బాలోవే, మిగిలినవి. పారెయ్యలేకపోయాను. పొదుపుకో, భయానికో, ఎందుకో.

మొత్తం చెప్పాను. రెండో చుక్క సంగతి కూడా. అది బట్టలు కింద పెట్టలేదు, గుండెకి ఆనించుకుని వింది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

“డాక్టరు జీడి అన్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను గదా నాయనమ్మా?”

“ఉన్నావు.”

“నీ భుజమ్మీదే తల పెట్టుకుని.”

“అవునే.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. బట్టలు సర్దుకుని మెట్లు దిగింది. మూడు మెట్లు దిగి ఆగింది. నేను ఒంటరిగా దిగలేనని గుర్తొచ్చి ఆగింది. వెనక్కి తిరక్కుండా నిలబడింది. నేను గోడ పట్టుకుని దిగేదాకా ఒక్కో మెట్టే దిగుతూ నా ముందు నడిచింది. చెయ్యి ఇవ్వలేదు.

నాకు క్షమాపణ కావాలని ఇది రాయడం లేదు. ఇస్తే ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. చెప్పాక మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. అది నిద్రపోయిందో లేదో తెలియదు. నాకు పట్టిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిజం కాబట్టి రాస్తున్నాను.

మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి బుజ్జి మంచం కింద నుంచి గిటారు తీసి తుడుస్తోంది. తొమ్మిదేళ్ళ తర్వాత వైరు తగిలించింది. స్పీకరు గరగరలాడి పలికింది. మా వాడు గదిలోంచి, “ఏంటే అది? చెప్పింది చెవికెక్కదా?” అని అరిచాడు. అది, “అయిదు నిమిషాలు నాన్నా” అంది, అంతే. నా పేరు ఎత్తలేదు.

కుడి చేతి అంచుని తీగల మీద ఆనించింది. మీటింది. తీగ అరిచింది. చెయ్యి ముందుకి జరిపింది. తీగ చచ్చిపోయింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ అరిచింది. వంగి, చెయ్యి ఎక్కడ ఆనిందో కళ్ళతో చూసుకుంటూ మీటింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ డుగ్ డుగ్ కోసం చూశాను. ఒకసారి వచ్చినట్టే వచ్చింది. రెండోసారి రాలేదు. “తగిలిందో లేదో తెలియడం లేదు” అని తనలో తను అనుకుంది. మళ్ళీ నేర్చుకోవచ్చులేవే అని నా నోటిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి నేనెవరిని?

ఎనిమిదింటికి రేపల్లె నుంచి పాటల బృందం పెద్దాయనా, ఒక పదిహేనేళ్ళ పిల్లా ఆటోలో వచ్చారు. బుజ్జి గిటారు ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, పిల్ల కుడి చెయ్యి పట్టుకుని తీగల మీద ఆనించింది. “ఇంకొంచెం వెనక్కమ్మా. ఇదిగో, ఇక్కడ. నొక్కకు, ఆనించు చాలు” అంది. పిల్ల మీటింది. డుగ్ డుగ్ మని పడవ వచ్చింది.

చెయ్యి ఒరుసుకుంటే ఏం రాయాలక్కా అని ఆ పిల్ల అడిగింది. బుజ్జి నావైపు చూడలేదు. “ఏమీ రాయొద్దు. రెండు రోజులు ఆపు, అదే తగ్గుతుంది” అంది.

వాళ్ళు గిటారు తీసుకుని వెళ్ళిపోయారు. బుజ్జి లోపలికి వెళ్ళి బీరువా తీసి, స్టీలు గొలుసు వాచీ తీసుకుంది. ఎప్పుడో ఆగిపోయిన వాచీ. కుడి చేతికి పెట్టుకుంది, ఆ నల్లటి మచ్చ పక్కనే. చూసి మా వాడు ఏదో అనబోతే, “ఏం కాదు నాన్నా” అంది. నేను దానికని ఉప్మా పెట్టిన పళ్ళెం బల్ల మీద ఉండగానే, వాళ్ళమ్మతో కలిసి చర్చికి వెళ్ళింది.

ఉప్మా చల్లారాక నేను తిన్నాను.